మాత్రకు భయపడి ఆగకండి, పాప కళ్లు చూపించడం మరవకండి

ప్రశ్న: నా వయసు 36. నాలుగు నెలల నుంచి పొద్దున లేవగానే రెండు చేతుల వేళ్లూ బిగుసుకుపోతున్నాయి. పిడికిలి పడదు. టూత్‌బ్రష్ కూడా గట్టిగా పట్టుకోలేను. గంటన్నర గడిచాక కాస్త వదులవుతాయి. రక్తపరీక్షలు చేయిస్తే ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్, యాంటీ సీసీపీ పాజిటివ్ అని వచ్చింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. డాక్టరు గారు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతమని చెప్పి మెథోట్రెక్సేట్ రాశారు. ఇంటర్నెట్‌లో చూస్తే అది క్యాన్సర్ మందు అని ఉంది. భయమేసి మొదలుపెట్టలేదు. నొప్పి మాత్రతో ఆ పూటకు గడిచిపోతోంది. ఎక్స్‌రే బాగానే ఉన్నప్పుడు అంత పెద్ద మందు అవసరమా? రెండో బిడ్డ కావాలని కూడా అనుకుంటున్నాం. మరో మాట. మా పాపకు ఐదేళ్లు. రెండు నెలలుగా పొద్దున పూట కుంటుతోంది. కుడి మోకాలు కాస్త లావుగా కనిపిస్తోంది. అడిగితే నొప్పి లేదంటుంది, మధ్యాహ్నానికల్లా పరుగులు పెడుతుంది. ఎదుగుదల నొప్పులేలే, పసిపిల్లలకు కీళ్లవాతం ఏమిటి అంటున్నారు ఇంట్లో. నా నుంచి దానికి వచ్చిందా?

సమాధానం: అమ్మా, మీరు చివర్లో ‘మరో మాట’ అంటూ రాసిన దానితోనే మొదలుపెడతాను. మీ వేళ్ల సంగతి ఒక డాక్టరు చూశారు, జబ్బు పేరు చెప్పారు, మందు రాశారు. పాప మోకాలిని ఇంతవరకు ఎవరూ చూసినట్టు లేదు.

ఎదుగుదల నొప్పులు అనేవి నిజంగానే ఉన్నాయి. కానీ వాటి తీరు వేరు. అవి సాయంత్రమో, రాత్రి నిద్రలోనో వస్తాయి. రెండు కాళ్లలోనూ వస్తాయి. పిక్కల్లో, తొడల్లో నొప్పి అంటారు తప్ప కీలు వాయదు. తెల్లారేసరికి పిల్ల ఎప్పటిలా గంతులేస్తుంది. మీ పాప విషయంలో అంతా తిరగబడి ఉంది: ఒకే కాలు, వాపు, అదీ పొద్దున పూట కుంటడం. దీన్ని ఎదుగుదల నొప్పి అని వదిలేయడానికి వీల్లేదు.

పాప నొప్పి లేదంటోంది కదా అని ఊరుకోకండి. కీళ్లవాతం ఉన్న చిన్నపిల్లల్లో చాలామంది నొప్పి అని చెప్పరు. ఆ కాలి మీద బరువు వేయకుండా నడవడం నేర్చేసుకుంటారు. మనం గమనించాల్సింది వాళ్ల పనులు. పొద్దున ఎత్తుకోమని మారాం చేస్తోందా? మెట్లు దిగేటప్పుడు ప్రతిసారీ ఒకే కాలు ముందు పెడుతోందా? ఇదివరకు గొంతుక్కూర్చుని ఆడుకునే పిల్ల ఇప్పుడు కాలు చాపుకుని కూర్చుంటోందా? ఒక పని చేయండి. పాప నిద్ర లేవగానే వెల్లకిలా పడుకోబెట్టి రెండు కాళ్లూ చాపించండి. మోకాలి చిప్పకు అటూ ఇటూ మామూలుగా చిన్న చిన్న గుంటలు ఉంటాయి. ఎడమ మోకాలికి ఉన్న గుంటలు కుడి మోకాలికి పూడిపోయి ఉంటే కీలులో నీరు చేరిందని అర్థం. మీ అరచేతి వెనక భాగాన్ని ముందు ఒక మోకాలి మీద, తర్వాత రెండో దాని మీద ఆనించి వెచ్చదనంలో తేడా చూడండి. మడమ కింద చెయ్యి పెట్టి చూస్తే వాచిన మోకాలు పూర్తిగా చాచుకోకుండా కొద్దిగా వంగే ఉండవచ్చు. ఆ వైపు తొడ కాస్త సన్నబడిందేమో కూడా గమనించండి. ఇవన్నీ ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేది ఎక్కువగా మధ్యాహ్నమో సాయంత్రమో కాబట్టి, అప్పటికి పాప చక్కగా నడిచేస్తూ ఉంటుంది. పొద్దున్నే తీసిన అర నిమిషం వీడియో మీరు నోటితో చెప్పేదానికన్నా ఎక్కువ చెబుతుంది.

16 ఏళ్లు నిండకముందు మొదలై, కనీసం 6 వారాలు ఉండి, వేరే కారణం ఏదీ దొరకని కీళ్ల వాపును జువెనైల్ ఇడియోపతిక్ ఆర్థరైటిస్ అంటారు. పొట్టిగా జేఐఏ. ఇందులో 7 రకాలు ఉన్నాయి. మొదటి 6 నెలల్లో నాలుగు కీళ్లకు మించకుండా వచ్చేది అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న ఆడపిల్లల్లో ఎక్కువ, తరచుగా మోకాలితోనే మొదలవుతుంది. మీ పాప లక్షణాలు ఆ దారిలోనే ఉన్నాయి, అయితే చూడకుండా ఖాయం చేయలేను. పెద్దవాళ్ల రుమటాయిడ్ జబ్బును అచ్చంగా పోలినది, అంటే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పాజిటివ్‌గా ఉండి ఎక్కువ కీళ్లకు పాకేది, జేఐఏ పిల్లల్లో నూటికి ఐదుగురికి కూడా ఉండదు. అది కూడా కాస్త పెద్ద పిల్లల్లోనే. అందుకే చిన్నపిల్లకు ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష చేయించి, నెగెటివ్ వచ్చింది కాబట్టి కీళ్లవాతం లేదని చెబితే నమ్మకండి. ఇది చేత్తో పట్టి చూసి తేల్చే జబ్బు. రిపోర్టు కాగితం చూసి తేల్చేది కాదు.

ఇక అసలు తొందర పెట్టేది పాప కళ్ల గురించి. ఈ రకం జేఐఏలో కంటి లోపల, నల్లగుడ్డు చుట్టూ ఉండే పొర వాచే అవకాశం ఉంది. దాన్ని యువైటిస్ అంటారు. మామూలుగా కన్ను వాస్తే ఎర్రబడుతుంది, నీరు కారుతుంది, పిల్ల ఏడుస్తుంది. ఇక్కడ అవేవీ ఉండవు. కన్ను తెల్లగా, నిర్మలంగా ఉంటుంది. పిల్ల బొమ్మలు చూస్తుంది, టీవీ చూస్తుంది. లోపల మాత్రం వాపు నడుస్తూ ఉంటుంది. కనిపెట్టకపోతే శుక్లం, గ్లాకోమా (కంటి లోపల ఒత్తిడి పెరగడం), చివరికి చూపు తగ్గడం దాకా వెళ్తుంది. దీన్ని పట్టుకునే దారి ఒక్కటే: కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడటం. నొప్పి ఉండని పరీక్ష, కొద్ది నిమిషాల పని. ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష పాజిటివ్‌గా ఉండి, ఏడేళ్ల లోపు జబ్బు మొదలైన పిల్లలకు ఈ భయం ఎక్కువ. వాళ్లకు మొదటి నాలుగేళ్లు 3 నెలలకోసారి కళ్లు చూపించాలి. మోకాలు నయమైంది కదా అని కంటి పరీక్ష ఆపేసే తల్లిదండ్రులున్నారు. కీలు, కన్ను ఒకదాన్ని చూసి ఒకటి నడవవు. మోకాలు బాగున్న రోజుల్లోనే కంట్లో వాపు మొదలవ్వచ్చు.

పాపను కీళ్లవాతం చూసే పిల్లల డాక్టరుకు, అంటే పిల్లల రుమటాలజిస్ట్‌కు చూపిస్తే మంచిది. దగ్గర్లో లేకపోతే పిల్లల డాక్టరుతో మొదలుపెట్టి, పెద్దల రుమటాలజిస్ట్ దగ్గరికైనా వెళ్లండి. వారం, పది రోజుల్లో అయిపోవాలి. ఆ లోపు గట్టి జ్వరం వచ్చి, కీలు ఎర్రగా కాలిపోతూ, పాప కాలు కింద పెట్టనంటే మాత్రం అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టినా అలాగే ఉంటుంది, దానికి గంటలు కూడా ముఖ్యమే. రాత్రిళ్లు నొప్పితో లేచి ఏడవడం, మొహం పాలిపోవడం, కారణం లేకుండా ఒంటి మీద కమిలిన మచ్చలు, బరువు తగ్గడం ఉంటే అది కూడా వెంటనే చెప్పండి. రక్త క్యాన్సర్ ఒక్కోసారి కీళ్లనొప్పుల వేషంలో వస్తుంది. అవేవీ మీరు రాయలేదు, కాబట్టి ఇది చదివి టెన్షన్ పడకండి. కానీ ఈ కారణం వల్లే, డాక్టరు రక్తపరీక్షలు చూడకముందు ఎవరిచ్చినా సరే పాపకు స్టెరాయిడ్ మందు వేయకండి. అది అసలు జబ్బును కప్పేస్తుంది.

జేఐఏ అని తేలితే ఒకే కీలుకు సాధారణంగా ఆ కీలులోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. పిల్లకు కాసేపు మత్తు ఇచ్చి చేస్తారు. చాలామందికి నెలల తరబడి వాపు తిరిగి రాదు. దాంతో లొంగకపోతే మెథోట్రెక్సేట్, ఆపైన బయోలాజిక్ ఇంజెక్షన్లు (వాపు తెప్పించే ఒక్కో పదార్థాన్ని గురిచూసి అడ్డుకునేవి) ఉన్నాయి. వాపును ఏళ్ల తరబడి వదిలేస్తే ఆ మోకాలి ఎముక రెండోదానికన్నా త్వరగా పెరిగి కాలు పొడవులో తేడా వస్తుంది. ఈ పిల్లల్లో గణనీయమైన వంతుకు పెద్దయ్యేలోగా జబ్బు సద్దుమణుగుతుంది. కొందరికి కొనసాగుతుంది. ఏ పిల్ల ఎటు వెళ్తుందో మొదట్లోనే చెప్పలేం. ఆటలు మాన్పించకండి. కీలు బాగా వాచిన రోజున తనే తగ్గించుకుంటుంది.

మీ విషయానికి వస్తాను.

మీ ఎక్స్‌రే బాగుండటాన్ని మీరు మందు అక్కర్లేదనడానికి ఆధారంగా చూస్తున్నారు. నాకది మందు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం లేదనడానికి ఆధారంగా కనిపిస్తోంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో కంచే చేను మేస్తుంది. క్రిముల నుంచి కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ కీలు లోపలి పలచటి పొర మీద పడుతుంది. ఆ పొర వాచి, మందంగా పెరిగి, పక్కనున్న మృదులాస్థిని, ఎముకను కొరకడం మొదలుపెడుతుంది. ఎక్స్‌రేలో కనిపించేది ఆ కొరుకుడు గుర్తులు. అవి కనిపించాయంటే అప్పటికే కొంత నష్టం జరిగిపోయిందన్నమాట. ఆ నష్టం వెనక్కి రాదు. చాలామందిలో అది మొదటి రెండేళ్లలోనే మొదలవుతుంది. మీకు నాలుగు నెలలే అయింది.

నొప్పి మాత్ర సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. అది నొప్పిని, కొంతవరకు వాపును తగ్గిస్తుంది. ఎముక కొరుకుడును ఆపదు. మాత్ర వేసుకున్న పూట మీకు బాగున్నట్టే ఉంటుంది, లోపలి పని లోపల సాగుతూనే ఉంటుంది. రోజూ వేసుకుంటే కడుపులో పుండ్లు, కిడ్నీ ఇబ్బంది అదనం. నొప్పి ఎంతుందో చూసి జబ్బును అంచనా వేయడం మీ విషయంలోనూ, పాప విషయంలోనూ దారి తప్పిస్తుంది.

ఆర్‌ఏ ఫ్యాక్టర్ నెగెటివ్ వచ్చినందుకు అనుమానపడకండి. ఈ జబ్బున్న వాళ్లలో నూటికి 20 నుంచి 30 మందికి అది నెగెటివే. పైగా ఏ జబ్బూ లేని కొందరికి, ముఖ్యంగా వయసు పైబడిన వాళ్లకు, పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ అలా ఊరికే పాజిటివ్ రావడం చాలా అరుదు. దానికి తోడు మీరు రాసిన లక్షణాలు: రెండు చేతులూ సమంగా, చిన్న కీళ్లు, లేచాక గంటకు మించి పట్టేసి ఉండటం. అరుగుదల వల్ల వచ్చే నొప్పి అయితే అరగంటలోపు వదులుతుంది, పని చేసేకొద్దీ పెరుగుతుంది, వేళ్ల చివరి కణుపుల్లో ఎముక గట్టిపడి బుడిపెలు వస్తాయి. మీది కదిలించేకొద్దీ తేలికపడుతోంది. పిడికిలి బిగించినప్పుడు పైకి తేలే ఎముకల మధ్య పల్లాలు పూడిపోయి ఉన్నాయా చూసుకోండి. ఎవరైనా గట్టిగా కరచాలనం చేస్తే ప్రాణం పోయినంత పనవుతోందా? ఈ రెండింటికీ మీరు అవునంటే, మీ డాక్టరు గారి మాట మీద నాకు సందేహం లేదు.

మెథోట్రెక్సేట్ క్యాన్సర్ మందు అన్నది అబద్ధం కాదు. క్యాన్సర్‌లో వాడతారు, కానీ అక్కడి మోతాదు వేరు. కొన్ని క్యాన్సర్లలో ఒక్కసారికి గ్రాముల లెక్కన ఎక్కిస్తారు. కీళ్లవాతానికి వారానికి 7.5 నుంచి 25 మిల్లీగ్రాములు. ఆ మోతాదులో అది కణాలను చంపే పని చేయదు, దారి తప్పిన రోగనిరోధక వ్యవస్థను నెమ్మదింపజేస్తుంది. అమెరికాలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు దీన్ని 1988లో ఆమోదించారు. దశాబ్దాల వాడకం ఉంది కాబట్టి దీని మంచీ చెడూ రెండూ డాక్టర్లకు బాగా తెలుసు. వంకర పోయిన వేళ్ల ఫొటోలు ఇంటర్నెట్‌లో చూసే ఉంటారు. అవి ఎక్కువగా ఇలాంటి మందు అందని, లేదా ఆలస్యంగా అందిన చేతులు. మందు పేరు చూసి భయపడిన వాళ్లు ఆ ఫొటోలు చూసి కూడా కాస్త భయపడాలని నా అభిప్రాయం.

భయపడాల్సిన చోటు ఇంకొకటుంది. ఈ మందు వారానికి ఒక్కసారే. రోజూ కాదు. పొరపాటున రోజూ మింగితే నోరంతా పుండ్లు పడి, రక్తకణాలు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. అలా జరిగిన ప్రమాదాలు తక్కువేమీ కాదు. మాత్రలు అన్నీ కలిపి పోసుకునే డబ్బాలో దీన్ని వేయకండి. ఒక వారం పేరు నిర్ణయించుకుని, ఉదాహరణకు ఆదివారం అని, అట్ట మీదే పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లో ఇంకొకరికి కూడా చెప్పి ఉంచండి. ఆ రోజు మరిచిపోతే రెండు రోజుల లోపైతే వేసుకోవచ్చు. ఇంకా ఆలస్యమైతే వదిలేసి తర్వాతి వారమే వేసుకోండి, రెండు మోతాదులు కలిపి వేసుకోకండి. మీకు ఫోలిక్ యాసిడ్ కూడా రాసి ఉంటారు. దాన్ని మామూలుగా మెథోట్రెక్సేట్ వేసుకునే రోజున కాకుండా వేరే రోజుల్లో ఇస్తారు. వికారం, నోటి పూత తగ్గుతాయి. రాయకపోతే అడగండి.

మొదలుపెట్టేముందు, ఆ తర్వాత మొదట్లో 2 నుంచి 4 వారాలకోసారి, కుదురుకున్నాక రెండు, మూడు నెలలకోసారి రక్తపరీక్షలు ఉంటాయి. రక్తకణాలు, లివర్, కిడ్నీ చూస్తారు. ఒంట్లో బాగానే ఉంది కదా అని ఇవి ఎగ్గొట్టకండి. మందు వాడుతున్నంత కాలం మద్యం జోలికి వెళ్లొద్దు. ఇంకో జబ్బుకు వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే మెథోట్రెక్సేట్ వాడుతున్నానని ముందే చెప్పండి. కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ దీంతో కలిస్తే చాలా ప్రమాదం. జ్వరం, ఆగని పొడి దగ్గు, ఆయాసం, నోట్లో పుండ్లు వస్తే తర్వాతి మోతాదు వేసుకోకుండా ఫోన్ చేసి అడగండి.

ఈ మందు గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. రెండు వారాలకు మార్పు లేదని మానేసే వాళ్లే ఎక్కువ. ఆ ఖాళీని దాటించడానికి డాక్టరు తక్కువ మోతాదు స్టెరాయిడ్ ఇవ్వవచ్చు. అది వేసుకోగానే రెండు రోజుల్లో మనిషి లేచి తిరుగుతుంది, దాంతో అదే అసలు మందు అనిపిస్తుంది. 1948లో అమెరికాలో ఫిలిప్ హెంచ్ అనే వైద్యుడు మొదటిసారి కార్టిసోన్ అనే స్టెరాయిడ్‌ను ఒక రుమటాయిడ్ రోగికి ఇచ్చినప్పుడు అందరూ అలాగే మురిసిపోయారు. 1950లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఎముకలు గుల్లబారడం, షుగర్, బీపీ ఆ తర్వాత బయటపడ్డాయి. కాబట్టి ఇచ్చినంత కాలం వాడండి, తగ్గించమన్నట్టు తగ్గించండి, మీ అంతట మీరు పొడిగించకండి. కొన్ని వారాలు వాడాక ఒక్కసారిగా ఆపేయడం కూడా కూడదు.

మూడు నెలలకు సగమైనా మెరుగు కనిపించాలి, ఆరు నెలలకు జబ్బు దాదాపు అణగాలి. లేకపోతే సల్ఫాసలజీన్, హైడ్రాక్సీక్లోరోక్విన్, లెఫ్లునోమైడ్ లాంటివి కలుపుతారు, లేదా బయోలాజిక్ ఇంజెక్షన్లకు వెళ్తారు. వాటికి ముందు ఒంట్లో టీబీ దాగి ఉందేమో పరీక్ష చేస్తారు. మీకు అంతదూరం అవసరం రాకపోవచ్చు.

పాపకు మీ నుంచి వచ్చిందా అన్న ప్రశ్నకు జవాబు: మీరు చేసింది ఏమీ లేదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో జన్యువుల పాత్ర ఉంది, దగ్గరి బంధువులకు రిస్క్ కొన్ని రెట్లు పెరుగుతుంది కూడా. కానీ ఒకే రకం జన్యువులున్న కవల పిల్లల్లో ఒకరికి ఈ జబ్బు ఉంటే రెండోవారికి వచ్చేది నూటికి సుమారు 15 మందికే. ఇక పాపకు ఉందనుకుంటున్నది చాలావరకు వేరే జబ్బు. ఒకే ఇంట్లో రెండూ కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగుతుంటే మానేయమనడానికి మాత్రం ఇది మంచి కారణం. ఈ జబ్బుకు తెలిసిన బయటి కారణాల్లో పొగ ముందుంటుంది.

ఏం తినాలి, ఏం మానాలి అని మీరు అడగలేదు, కానీ ఇరుగుపొరుగు చెబుతూనే ఉంటారు. ఏ తిండీ ఈ జబ్బును తెప్పించదు, నయం చేయదు. మామూలుగా తినండి, బరువు పెరగకుండా చూసుకోండి. వాపున్న రోజు కీలును మెల్లగా అన్ని వైపులా కదిపితే చాలు, వాపు తగ్గాక కండరాలకు బలమిచ్చే వ్యాయామం తప్పకుండా చేయండి.

రెండో బిడ్డ సంగతి చివరికి వదిలానంటే చిన్న విషయమని కాదు. మీ ఉత్తరం చూస్తే ఈ మాట డాక్టరు గారికి చెప్పినట్టు నాకు అనిపించలేదు. మెథోట్రెక్సేట్ కడుపులో బిడ్డకు హాని చేస్తుంది. అది వాడుతున్నంత కాలం గర్భం రాకుండా జాగ్రత్త తీసుకోవాలి, మానేసిన తర్వాత సాధారణంగా 3 నెలలు ఆగమంటారు. లెఫ్లునోమైడ్ కూడా పనికిరాదు. అయితే హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్ గర్భంలోనూ వాడదగినవే. కొన్ని బయోలాజిక్స్ కూడా ఇస్తారు. మీకు రెండు దారులున్నాయి. ఒకటి, ఏడాదో అంతకన్నా కాస్త ఎక్కువో ఆగి, మెథోట్రెక్సేట్‌తో జబ్బును గట్టిగా అణచి, తర్వాత మందు మార్చుకుని గర్భానికి ప్రయత్నించడం. రెండోది, ఇప్పుడే బిడ్డ కావాలనుకుంటే మొదటి నుంచే గర్భానికి సరిపడే మందులతో మొదలుపెట్టడం. జబ్బు అదుపులో ఉన్నప్పుడు వచ్చే గర్భమే తల్లికీ బిడ్డకీ మేలు కాబట్టి నేను మొదటి దారి వైపే మొగ్గుతాను. గర్భిణిగా ఉన్నప్పుడు సగానికి పైగా ఆడవాళ్లకు కీళ్లు తేలికపడతాయి, కాన్పయ్యాక కొద్ది నెలల్లో మళ్లీ లేస్తాయి. ఆ నెలలకు కూడా ముందే ప్లాన్ ఉండాలి. ఏ దారైనా సరే, మొదటి మాత్ర మింగేముందు గర్భం లేదని పరీక్ష చేయించుకుని, రెండో బిడ్డ ఆలోచన ఉందన్న మాట మీ డాక్టరు గారికి చెప్పండి. అదే అపాయింట్‌మెంట్‌లో పాప వీడియో కూడా చూపించండి.